ఏ జీనోమ్ డేటాబేస్ ఎప్పుడు తెరవాలి? ఎన్‌సీబీఐ, ఎన్సెంబుల్, యూసీఎస్‌సీల మధ్య ఎంపిక

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "ఎన్‌సీబీఐ వాడాలా, ఎన్సెంబుల్ వాడాలా, యూసీఎస్‌సీ వాడాలా? ఏది బెస్ట్?" ఈ మూడూ జీనోమ్‌ను, అంటే ఒక జీవి మొత్తం డీఎన్‌ఏను, చూపించే వెబ్‌సైట్లు. ఏదో ఒక పేరు చెప్పి పంపించేయడం తేలికే. కానీ అలా చెప్తే వాళ్లు ఆ ఒక్క సైట్‌నే పట్టుకుని, దానికి చేతకాని పనిని కూడా దానితోనే చేయించాలని చూస్తారు. అసలు సంగతేమిటంటే, మానవ జీనోమ్ మూడు చోట్లా ఒక్కటే. ఆ రిఫరెన్స్ సీక్వెన్స్‌ను, అంటే అందరూ ప్రమాణంగా తీసుకునే డీఎన్‌ఏ అక్షరాల వరుసను, దిద్ది విడుదల చేసేది జీనోమ్ రిఫరెన్స్ కన్సార్షియం. మూడు సైట్లూ దాన్నే తీసుకుని చూపిస్తాయి. జన్యువు ఎక్కడ మొదలవుతుంది, ఏ ఎక్సాన్ (చివరి ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యువు ముక్క) ఎక్కడ ముగుస్తుంది అని ఆ సీక్వెన్స్ మీద పెట్టిన గుర్తుల్లో తేడా ఉంటుంది. సమాచారాన్ని బయటికి తీసే పనిముట్లలో ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది.

కాబట్టి సైట్ ఎంచుకునే ముందే రెండు విషయాలు ఖాయం చేసుకోండి. ఒకటి, మీరు పనిచేస్తున్నది ఏ అసెంబ్లీ (ముక్కలు కలిపి కూర్చిన జీనోమ్) వెర్షన్ మీద? రెండు, మీరు లెక్కపెడుతున్నది ఏ ట్రాన్స్‌క్రిప్ట్ (ఒక జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ ప్రతి) మీద? ఈ రెండూ తేలకుండా ఎంత మంచి సైట్ తెరిచినా చిక్కులు తప్పవు. ఇది ఎందుకంత గట్టిగా చెప్తున్నానో ఒక ఉదాహరణతో చూపిస్తాను.

ఒక్క అక్షరానికి ఎన్ని చిరునామాలు

సికిల్ సెల్ వ్యాధికి కారణమయ్యే మార్పును తీసుకోండి. హిమోగ్లోబిన్‌లోని ఒక గ్లోబిన్ ప్రోటీన్‌ను తయారుచేసే హెచ్‌బీబీ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. ఇలాంటి మార్పుల డేటాబేస్ అయిన డీబీఎస్‌ఎన్‌పీలో దాని పేరు ఆర్‌ఎస్334. 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్37 అసెంబ్లీలో, అంటే యూసీఎస్‌సీ వాళ్లు హెచ్‌జీ19 అని పిలిచేదానిలో, అది 11వ క్రోమోజోమ్ మీద 5248232వ అక్షరం. 2013 చివర్లో వచ్చిన జీఆర్‌సీహెచ్38లో, అంటే హెచ్‌జీ38లో, అదే అక్షరం 5227002 దగ్గర ఉంటుంది. 21230 అక్షరాల తేడా.

ఇక్కడితో అయిపోలేదు. జీనోమ్ బ్రౌజర్‌లో చూస్తే టి కాస్తా ఏ అయినట్టు కనిపిస్తుంది. జన్యువు సీక్వెన్స్‌లో చూస్తే ఏ కాస్తా టి అయినట్టు ఉంటుంది. రెండూ నిజమే, ఎందుకంటే హెచ్‌బీబీ మైనస్ స్ట్రాండ్ మీద, అంటే బ్రౌజర్ చూపించే డీఎన్‌ఏ పోగుకు ఎదురు పోగు మీద, ఉంది. ప్రోటీన్‌లో చూస్తే పాత వ్యాసాలన్నీ 6వ స్థానం అంటాయి, ఇప్పటి పద్ధతి 7వ స్థానం అంటుంది. మొదటి మెథియోనిన్‌ను లెక్కలో కలిపితే ఒకటి పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు హెచ్‌జీ19 అంకెను పొరపాటున హెచ్‌జీ38 తెరిచి ఉన్న బ్రౌజర్‌లో టైప్ చేశారనుకోండి. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు. బ్రౌజర్ మిమ్మల్ని నేరుగా హెచ్‌బీజీ1 జన్యువు పక్కకు తీసుకెళ్లి నిలబెడుతుంది. అది కూడా గ్లోబిన్ జన్యువే కాబట్టి చూసినవాళ్లకు అనుమానమే రాదు. ఈ తప్పు ఇంత నిశ్శబ్దంగా జరిగిపోతుంది కాబట్టే నాకు దానంటే భయం. ఒకసారి వేరే గ్రూప్ పంపిన వేరియంట్ల (డీఎన్‌ఏలోని మార్పుల) పట్టికను, ఏ అసెంబ్లీయో అడగకుండా, హెచ్‌జీ38 అనుకుని ప్రైమర్లు (పీసీఆర్‌లో ఏ భాగాన్ని పెంచాలో గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) డిజైన్ చేశాను. పీసీఆర్ చక్కగా వచ్చింది, బ్యాండ్ సైజు సరిగ్గా ఉంది, సీక్వెన్సింగ్‌లో మాత్రం ఒక్క వేరియంట్ కూడా కనిపించలేదు. కారణం దొరికేసరికి మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాలూ శాంపిల్స్‌ను అనుమానించాను, ఎంజైమ్‌ను అనుమానించాను, పట్టికను మాత్రం అనుమానించలేదు. పట్టిక మొదటి వరుసలో "హెచ్‌జీ19" అన్న ఒక్క మాట ఉండుంటే ఇదంతా జరిగేది కాదు.

మూడు పెద్ద సైట్లు, మూడు స్వభావాలు

ఎన్‌సీబీఐని నేను దస్తావేజుల గదిలా చూస్తాను. అందులోని సీక్వెన్స్‌ల డేటాబేస్ జెన్‌బ్యాంక్ 1982లో మొదలైంది, ఎన్‌సీబీఐ సంస్థగా ఏర్పడింది 1988లో. ఇలాంటివే అయిన జపాన్‌లోని డీడీబీజే, యూరప్‌లోని ఈఎన్‌ఏలతో జెన్‌బ్యాంక్ రోజూ డేటా మార్చుకుంటుంది. అందువల్ల మీరు మూడింటిలో ఎక్కడ సీక్వెన్స్ జమ చేసినా మిగతా రెండు చోట్లా కనిపిస్తుంది. ఈ విషయం తెలియక రెండు చోట్ల జమ చేయబోయినవాళ్లను చూశాను. ఆ అవసరం లేదు.

అయితే దస్తావేజుల గదిలో ఉన్న ప్రతి కాగితమూ నిజం కాదు. జెన్‌బ్యాంక్‌లో ఉన్న రికార్డు దాన్ని జమ చేసినవాళ్లది. తప్పుంటే దిద్దాల్సిందీ ప్రధానంగా వాళ్లే. 2020లో వచ్చిన ఒక పరిశోధన వేరే జీవి డీఎన్‌ఏ కలిసిపోయిన ఎంట్రీలు జెన్‌బ్యాంక్‌లో 20 లక్షలకు పైగా ఉన్నాయని చూపించింది. అందుకే ఎన్‌సీబీఐలోనే జెన్‌బ్యాంక్‌ను, రెఫ్‌సీక్‌ను వేరువేరుగా చూడటం నేర్చుకోండి. రెఫ్‌సీక్ అంటే ఎన్‌సీబీఐ వాళ్లు ఏరి, సరిచూసి పెట్టుకునే సెట్. అక్సెషన్ నంబర్‌లో మొదటి రెండక్షరాల తర్వాత అండర్‌స్కోర్ ఉంటే అది రెఫ్‌సీక్. ఎన్‌ఎం_ అని ఉంటే ఎంఆర్‌ఎన్‌ఏ, ఎన్‌పీ_ అని ఉంటే ప్రోటీన్. ఎక్స్‌ఎం_, ఎక్స్‌పీ_ అని ఉంటే మాత్రం కాస్త ఆగండి. అవి కంప్యూటర్ ఊహించి కట్టిన మోడల్స్. వాడకూడదని కాదు, కానీ ఆ ఒక్కదాని మీద మొత్తం క్లోనింగ్ ప్లాన్ కట్టకండి.

పబ్‌మెడ్ వ్యాసం నుంచి జన్యువుకు, జన్యువు నుంచి ప్రోటీన్‌కు, అక్కడి నుంచి ముడి డేటాకు లింకులు పట్టుకుని వెళ్లాలంటే ఎన్‌సీబీఐకి సాటి లేదు. బ్యాక్టీరియా, వైరస్‌ల మీద పనిచేసేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎన్సెంబుల్ 1999లో మొదలైంది, ఇప్పుడు ఈఎంబీఎల్-ఈబీఐ దాన్ని నడుపుతోంది. దీని బలం జన్యువుల అనోటేషన్, అంటే జన్యువులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టడం. మనిషి, ఎలుక జీనోమ్‌లకు ఇక్కడ కనిపించే జన్యువుల సెట్‌నే జెన్‌కోడ్ అంటారు. మీ చేతిలో ఒక్క జన్యువు ఉంటే ఏ సైటైనా పర్వాలేదు. రెండు వేల జన్యువుల లిస్టు ఉండి, ప్రతిదానికీ ఎలుకలో దాని ఆర్థోలాగ్ (ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన అదే జన్యువు) ఏమిటి, అది ఏ క్రోమోజోమ్ మీద ఉంది, దాని రెఫ్‌సీక్ ఐడీ ఏమిటి అని కావాలంటే మాత్రం ఎన్సెంబుల్‌లోని బయోమార్ట్‌కే వెళ్లండి. ఫిల్టర్లలో లిస్టు పేస్ట్ చేసి, కావాల్సిన కాలమ్స్‌కు టిక్ పెట్టి, పట్టికను దించుకోవచ్చు. కోడ్ రాయడం రాకపోయినా పని అయిపోతుంది. పాత రిలీజ్‌లను ఆర్కైవ్ సైట్లుగా ఉంచడం ఎన్సెంబుల్ చేసే ఇంకో మంచి పని. మూడేళ్ల కిందటి వ్యాసంలో వాడిన రిలీజ్‌ను వెతికి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. హెచ్‌జీ19 మీద ఉన్నవాళ్ల కోసం జీఆర్‌సీహెచ్37కు విడిగా ఒక సైట్ కూడా ఉంది.

యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ కళ్లతో చూడటానికి పుట్టింది. 2000లో మానవ జీనోమ్ తొలి ముసాయిదాను జిమ్ కెంట్ రాసిన ప్రోగ్రామ్ ముక్కలు కలిపి నిలబెట్టింది. ఆ ముసాయిదాను లోకానికి ఇంటర్నెట్‌లో పెట్టిందీ ఆ విశ్వవిద్యాలయమే. ఒకే చోట నిలబడి, పైన జన్యువు, కింద వెన్నెముక జీవుల మధ్య కన్సర్వేషన్ (పరిణామంలో మారకుండా నిలిచిన భాగాలు), దాని కింద రిపీట్లు, ఇంకా కింద ఎన్‌కోడ్ ప్రాజెక్టు చూపిన రెగ్యులేటరీ గుర్తులు (జన్యువుల పనిని నియంత్రించే చోట్లు), అన్నిటికంటే పైన మీ సొంత చిప్-సీక్ పీక్స్ (ప్రోటీన్లు డీఎన్‌ఏకు అతుక్కునే చోట్లు) ఒకదాని మీద ఒకటి పేర్చి చూడాలంటే నేను ఇంకెక్కడికీ వెళ్లను. జన్యువుకు దూరంగానో, ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య భాగం) మధ్యలోనో ఉన్న వేరియంట్ ఏం చేస్తుందో అర్థం కావాలంటే ఇలా పొరలు పేర్చి చూడాల్సిందే. చూసిన దృశ్యాన్ని సెషన్‌గా సేవ్ చేసి లింకు పంపిస్తే అవతలివాళ్లకు అచ్చంగా అదే తెర కనిపిస్తుంది. సేవ్ చేయకుండా వదిలేసిన కస్టమ్ ట్రాక్స్ (మీరు ఎక్కించిన సొంత డేటా పొరలు) ఎక్కువ కాలం నిలవవు. మీటింగ్‌కు ముందు రోజు ఈ సంగతి తెలిస్తే ఎంత టెన్షన్ పడాలో మీరే ఊహించుకోండి.

హెచ్‌జీ38లో యూసీఎస్‌సీ మొదటగా చూపించే జన్యువుల ట్రాక్ కూడా జెన్‌కోడ్ నుంచి వచ్చిందే. అంటే మనిషి జన్యువుల విషయంలో "ఎన్సెంబుల్‌లో ఒకలా, యూసీఎస్‌సీలో ఒకలా" అన్న గొడవ చాలావరకు లేనట్టే. అసలు తేడా ఉండేది రెఫ్‌సీక్‌కు, జెన్‌కోడ్‌కు మధ్య. దాన్ని తగ్గించడానికే రెండు పక్షాలూ కలిసి మేన్ సెలెక్ట్ అనే సెట్ తయారుచేశాయి. అందులో ప్రోటీన్ తయారుచేసే ప్రతి జన్యువుకూ ఒక ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఎంచుతారు. అది రెఫ్‌సీక్‌లోనూ ఎన్సెంబుల్‌లోనూ ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉంటుంది. ప్రత్యేకమైన కారణం లేకపోతే మేన్ సెలెక్ట్ ట్రాన్స్‌క్రిప్ట్‌నే వాడండి. ఇది హెచ్‌జీ38కి మాత్రమే ఉందని గుర్తుంచుకోండి.

మరి 2022లో వచ్చిన పూర్తి జీనోమ్, టీ2టీ సంగతేమిటి? హెచ్‌జీ38లో ఖాళీగా మిగిలిన సెంట్రోమియర్లు (క్రోమోజోమ్ నడుము భాగాలు), కొన్ని క్రోమోజోమ్‌ల పొట్టి చేతులు అన్నీ కలిపి సుమారు 20 కోట్ల బేస్‌ల కొత్త సీక్వెన్స్ అందులో చేరింది. మీ పని రిపీట్లు, సెంట్రోమియర్లు, సెగ్మెంటల్ డూప్లికేషన్ల మీదైతే ఆలోచించకుండా దానికి మారండి. మామూలు జన్యువుల మీద, వేరియంట్ల మీద పనిచేస్తుంటే మాత్రం హెచ్‌జీ38 మీదే ఉండండి. చుట్టూ ఉన్న అనోటేషన్, జనాభా డేటా ఎక్కువగా దాని మీదే ఉన్నాయి.

సీక్వెన్స్ చేతిలో ఉంది: బ్లాస్టా, బ్లాటా?

పేర్లు ఒకేలా ఉన్నా పనులు వేరు. 1990లో వచ్చిన బ్లాస్ట్ "ఈ సీక్వెన్స్ ప్రపంచంలో ఏ జీవిదానిలా ఉంది?" అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. 2002లో వచ్చిన బ్లాట్ "ఇది ఈ జీనోమ్‌లో ఎక్కడుంది?" అన్నదానికి జవాబిస్తుంది. మీ ప్రైమర్, మీ క్లోన్, మీ సాంగర్ రీడ్ (సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్క) మానవ జీనోమ్‌లో ఎక్కడ కూర్చుంటుందో చూడాలంటే యూసీఎస్‌సీలోని బ్లాట్ క్షణాల్లో చెప్పేస్తుంది. డీఎన్‌ఏ విషయంలో అది 95 శాతం, ఆపైన పోలిక ఉన్న, కనీసం 25 బేస్‌ల సీక్వెన్స్‌ల కోసం తయారైంది. దూరపు బంధువులను వెతకమంటే దాని వల్ల కాదు.

బ్లాస్ట్‌లో అందరూ పడే గుంట ఒకటుంది. న్యూక్లియోటైడ్ బ్లాస్ట్ పేజీ తెరవగానే ముందే ఎంచి ఉండేది మెగాబ్లాస్ట్. అది వెతుకులాటను 28 అక్షరాల పొడవున్న పదంతో మొదలుపెడుతుంది. అంటే 28 అక్షరాలు వరుసగా ఎక్కడా కలవకపోతే మీకు ఏమీ చూపించదు. ఒక కీటకం నుంచి తీసిన జన్యువును అలా వెతికి, పోలిక ఏదీ లేదని వస్తే, "ఇది కొత్త జన్యువు" అని సంబరపడిన విద్యార్థిని నాకు తెలుసు. పక్కనే ఉన్న బ్లాస్ట్‌ఎన్ బటన్ నొక్కితే పదం పొడవు 11కు తగ్గి కొన్ని పోలికలు బయటపడ్డాయి. అదే సీక్వెన్స్‌ను ప్రోటీన్‌గా మార్చి వెతికే బ్లాస్ట్‌ఎక్స్‌తో చూస్తే ఆ కుటుంబమంతా దొరికింది. జీవులు దూరమయ్యేకొద్దీ డీఎన్‌ఏ కంటే ప్రోటీన్‌తో వెతకడమే మేలు.

ఈ-వాల్యూ, అంటే అలాంటి పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చో చెప్పే అంకె, కూడా స్థిరం కాదు. డేటాబేస్ పెరిగేకొద్దీ అదే పోలికకు ఈ-వాల్యూ పెరుగుతుంది. అందుకే వెతికిన తేదీని, డేటాబేస్ పేరును రాసి పెట్టుకోండి.

ప్రైమర్ల కోసం అయితే డిజైన్ చేయడానికి ఎన్‌సీబీఐలోని ప్రైమర్-బ్లాస్ట్, చేతిలో ఉన్న ప్రైమర్ల జంటను సరిచూడటానికి యూసీఎస్‌సీలోని ఇన్-సిలికో పీసీఆర్. రెండూ వాడండి, ఐదు నిమిషాల పని.

వేరియంట్ దొరికింది, ఇప్పుడేం చేయాలి

మూడు ప్రశ్నలకు మూడు చోట్లున్నాయి. ఈ మార్పు జన్యువులో ఏం చేస్తుందన్నదానికి ఎన్సెంబుల్ వారి వెప్. జనాభాలో ఎంతమందికి ఉందన్నదానికి నోమాడ్. వ్యాధితో సంబంధం ఉందని ఎవరైనా చెప్పారా అన్నదానికి క్లిన్‌వార్.

నోమాడ్‌లో వెర్షన్ చూసి తెరవండి. 2వ వెర్షన్ హెచ్‌జీ19 మీద ఉంది, సుమారు 1.4 లక్షల మంది డేటా. 4వ వెర్షన్ హెచ్‌జీ38 మీద ఉంది, 8 లక్షల మందికి పైగా. పైన కనిపించే మొత్తం ఫ్రీక్వెన్సీని మాత్రమే చూసి "ఇది చాలా అరుదు" అని తేల్చేయకండి. కింద జనసమూహాల వారీగా విడదీసిన పట్టిక ఉంటుంది. మొత్తంలో అరుదుగా కనిపించే మార్పు, డేటాలో తక్కువమంది ఉన్న ఒక సమూహంలో మామూలుగా ఉండొచ్చు. పేషెంట్ ఏ సమూహానికి చెందినవారో ఆ వరుస చూడకుండా ఇచ్చిన నిర్ణయం వాళ్ల జీవితాన్నే తప్పుదారి పట్టించగలదు.

క్లిన్‌వార్‌లో నక్షత్రాలు చూడండి. "వ్యాధికారకం" అని రాసి ఉన్నా పక్కన ఒక్క నక్షత్రమూ లేకపోతే, ఏ ప్రమాణాల ఆధారంగా తేల్చారో చెప్పలేదని అర్థం. రెండు నక్షత్రాలంటే ఒకరికంటే ఎక్కువమంది ప్రమాణాలు చూపించి ఒకే మాట చెప్పారు. మూడంటే నిపుణుల బృందం చూసింది. నేను రెండుకు తక్కువ ఉన్నదాన్ని అసలు ఆధారాలు చదవకుండా ఎక్కడా రాయను.

మనిషిని వదిలి మిగతా జీవులకు వస్తే

ఈగ, పురుగు, ఈస్ట్, జీబ్రాఫిష్ మీద పనిచేసేవాళ్లు ముందు వాటి సొంత డేటాబేస్‌లకే వెళ్లాలి: ఫ్లైబేస్, వార్మ్‌బేస్, ఎస్‌జీడీ, జెడ్‌ఫిన్. మ్యూటెంట్ల ఫీనోటైప్‌లు (బయటికి కనిపించే లక్షణాలు), స్ట్రెయిన్లు, దశాబ్దాల వ్యాసాలను మనుషులు చదివి ఏర్చిన సమాచారం పెద్ద సైట్లలో అంత లోతుగా దొరకదు.

మొక్కల్లో పరిస్థితి కాస్త చిక్కు. చాలా మొక్కలను పోల్చాలంటే ఫైటోజోమ్ లేదా ఎన్సెంబుల్ ప్లాంట్స్. వరి ఒక్కదానికే అయితే ఒకే జీనోమ్ అసెంబ్లీ మీద రెండు రకాల జన్యువుల లెక్కలున్నాయి, ర్యాప్-డీబీది ఒకటి, ఎంఎస్‌యూది ఒకటి. ఓఎస్01జీ0100100 అన్న తీరులో ఉంటే ర్యాప్, ముందు లాక్_ అని ఉంటే ఎంఎస్‌యూ. రెండు వ్యాసాల జన్యువుల లిస్టులు కలిపేముందు ఐడీలను ఒకే పద్ధతికి మార్చండి. లేకపోతే కామన్ జన్యువులు సున్నా అని వస్తుంది, అది నిజం కాదు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. అరబిడాప్సిస్ డేటాబేస్ టెయిర్ 2013లో ప్రభుత్వ నిధులు ఆగిపోయాక చందా పద్ధతికి మారింది. పాత్‌వేల (కణంలో చర్యలు సాగే దారుల) డేటాబేస్ కెగ్ 2011 నుంచి మొత్తం ఫైళ్లను ఒక్కసారిగా దించుకోవడానికి చందా అడుగుతోంది. వెబ్‌లో చూడటం ఉచితమే. వేల జన్యువులకు ఆటోమేటిక్‌గా నడపాల్సిన పని ఉంటే పూర్తిగా ఉచితమైన రియాక్టోమ్‌తో మొదలుపెట్టమంటాను. ప్రోటీన్లకు యూనిప్రాట్ చాలు, అయితే మనుషులు సరిచూసిన స్విస్-ప్రాట్ ఎంట్రీయా, ఆటోమేటిక్‌గా వచ్చిన ట్రెంబుల్ ఎంట్రీయా అన్నది చూసుకోండి.

ఫైళ్లు, విశ్లేషణ

ఎవరో ప్రచురించిన ఆర్‌ఎన్‌ఏ-సీక్ ముడి డేటా కావాలా? ఎన్‌సీబీఐలోని ఎస్‌ఆర్‌ఏ నుంచి తీయాలంటే మామూలుగా టూల్‌కిట్ ఇన్‌స్టాల్ చేసి ఫైళ్లను మార్చుకోవాలి. అదే నంబర్‌ను ఈఎన్‌ఏలో వెతికితే చాలావాటికి ఫాస్ట్‌క్యూ (ముడి రీడ్స్ ఉండే) ఫైళ్ల లింకులు నేరుగా ఉంటాయి. నేను ముందు ఈఎన్‌ఏలోనే చూస్తాను.

కమాండ్ లైన్ రానివాళ్లకు గెలాక్సీ అనే వెబ్ వేదిక పెద్ద దిక్కు. బ్రౌజర్‌లోనే అలైన్‌మెంట్ (రీడ్స్‌ను జీనోమ్‌లో వాటి చోట అమర్చడం) నుంచి వేరియంట్ కాలింగ్ (మార్పులను పట్టుకోవడం) వరకు నడుస్తుంది. ప్రతి అడుగూ, ఏ టూల్ ఏ వెర్షన్‌తో సహా, హిస్టరీలో నమోదవుతుంది. సొంత స్క్రిప్టులు రాసేవాళ్లలో సగం మంది ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకోరు. అయితే పేషెంట్ల డేటాను అనుమతి లేకుండా పబ్లిక్ సర్వర్‌లోకి ఎక్కించకండి. ఆ రీడ్స్‌ను చూడటానికి మీ కంప్యూటర్‌లోనే నడిచే ఐజీవీ ఉంది. ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి.

ఫైళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు తల ప్రాణం తోకకు తెచ్చే విషయాలు మూడున్నాయి. మొదటిది పేర్లు: యూసీఎస్‌సీ "సీహెచ్‌ఆర్11" అంటుంది, ఎన్సెంబుల్ ఉత్త "11" అంటుంది. టూల్ ఈ రెండింటినీ వేర్వేరు క్రోమోజోమ్‌లనుకుని ఖాళీ ఫలితం ఇస్తుంది. హెచ్‌జీ19లో ఇంకో మెలిక ఉంది. యూసీఎస్‌సీ మొదట పెట్టిన మైటోకాండ్రియా సీక్వెన్స్ 16571 బేస్‌లది, అందరూ ప్రమాణంగా వాడేది 16569 బేస్‌లది. రెండోది లెక్క మొదలుపెట్టే అంకె: జీనోమ్‌లోని చోట్లు రాసే బెడ్ ఫైల్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, వేరియంట్లు రాసే వీసీఎఫ్, జన్యువులు రాసే జీటీఎఫ్ ఒకటి నుంచి. మన ఆర్‌ఎస్334ను వీసీఎఫ్‌లో 5227002 అని రాస్తే, బెడ్‌లో మొదలు 5227001, చివర 5227002 అని రాయాలి. మూడోది ఎక్సెల్. సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేసేది. ఆ బాధ పడలేక జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే 2020లో వాటిని సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1గా మార్చింది. పాత లిస్టుల్లో పాత పేర్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, ఫైల్ తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి.

ఇప్పుడు నేను ఎవరికి వేరియంట్ పంపినా వరుస ఇలా ఉంటుంది: ఆర్‌ఎస్334, జీఆర్‌సీహెచ్38, 11వ క్రోమోజోమ్, 5227002, ప్లస్ స్ట్రాండ్ మీద టి నుంచి ఏ, ట్రాన్స్‌క్రిప్ట్ ఎన్‌ఎం_000518.5, చూసిన సైట్, రిలీజ్ నంబర్, తేదీ. చుక్క తర్వాత ఉన్న ఆ 5ను కూడా వదిలిపెట్టను. అది ట్రాన్స్‌క్రిప్ట్ వెర్షన్. అది మారితే లెక్క కూడా మారొచ్చు.